పట్టీ పచ్చబడేదాకా

ఆ రోజు పొద్దున అల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం చెయ్యాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, కంప్యూటర్ పట్టీకి కాస్త రంగు మార్చాలి, పదకొండింటికి వీడియోలో మేనేజరమ్మ ముందు కూర్చోవాలి. వీటిలో మూడోదాన్ని వదిలేసి ఉంటే మనకి ఇవాళ చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

అల్లుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, పనంతా ఇంటి నుంచే. అతని కంప్యూటర్ అందరి కంప్యూటర్ లాంటిది కాదు. అందులో కిటికీలు ఒకదాని మీద ఒకటి పడవు, స్నానాలగది గోడకి పలకలు అతికించినట్టు పక్కపక్కనే సర్దుకుంటాయి. మూసే గుర్తు ఉండదు, దించే గుర్తు ఉండదు, మౌసు ముట్టుకోవడం నామోషీ. కొత్తవాళ్ళెవరైనా చూస్తే కంప్యూటర్ చెడిపోయిందని జాలిపడతారు. ఉన్నదల్లా స్క్రీను నెత్తిన ఒక సన్నటి పట్టీ. అందులో గడియారం ఒక ముక్క, బ్యాటరీ ఒక ముక్క, నెట్ ఒక ముక్క. వాటిని మాడ్యూళ్ళంటారు. ఏ ముక్క ఎక్కడుండాలో ఒక ఫైల్లో, ఏ రంగులో ఉండాలో ఇంకో ఫైల్లో ఎవరికి వారే రాసుకోవాలి. పనున్నవాడు ఒకసారి రాసి వదిలేస్తాడు. అల్లుడు రెండేళ్ళుగా రాస్తూనే ఉన్నాడు.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. పాత స్క్రీను ఒకటి ఖాళీగా పడి ఉంటే, దాన్ని హాల్లో తన గది తలుపు పక్కన గోడకి తగిలించి, తలుపు కింది నుంచి తీగ లాగి, అందులో ఒకే ఒక్క ముక్క పెద్ద అక్షరాలతో కనిపించేట్టు పెట్టాడు. గదిలో కెమెరా వెలిగితే ఆ ముక్క ఎర్రబడి ‘మీటింగ్’ అంటుంది. కెమెరా ఆరితే పచ్చబడి ‘రావచ్చు’ అంటుంది. తన స్క్రీను మీద మాత్రం ఆ ముక్క పెట్టుకోలేదు. తాను మీటింగులో ఉన్నదీ లేనిదీ తనకి తెలియదా ఏమిటి!

ఈ ఏర్పాటు పుట్టింది మామగారి వల్ల. ఆయన రైల్వేలో సిగ్నల్ మనిషిగా చేసి రిటైరై, కూతురి దగ్గరుంటున్నారు. ఒకసారి కళ్ళజోడు వెతుక్కుంటూ, నడుముకి తువ్వాలుతో, అల్లుడి గదిలోకి వచ్చేశారు. అటుపక్క పెద్ద పెద్ద అధికార్లంతా స్క్రీనులో వరసగా కూర్చుని ఉన్నారు. ఆ సాయంత్రమే అల్లుడు పట్టీ కట్టి, మామగారిని దాని ముందు నిలబెట్టి, చిన్న ఉపన్యాసం ఇచ్చాడు.

"మామయ్యగారూ, ఎరుపు ఉంటే రాకూడదు. నేనే పిలిచినా రాకూడదు. సరేనా?"

"అంత విడమర్చి చెప్పాలా బాబూ? నా బతుకంతా అదే కదా" అన్నారాయన.

అన్నట్టే చేశారు. ఓ రోజు గాలికి తలుపు తెరుచుకుందని, ఎరుపు పడగానే బయట గడియ వెయ్యడం కూడా మొదలుపెట్టారు. పచ్చబడగానే తీసేవారు. సిగ్నలూ గేటూ కలిసి పనిచెయ్యాలట, అది శాఖాపరమైన నియమమట. గదికి స్నానాలగది ఆనుకునే ఉంది కాబట్టి అల్లుడికి ఈ గడియ సంగతి ఎప్పుడూ తెలిసి రాలేదు.

ఇక ఆ రోజు పదకొండింటి సంగతి. కంపెనీ అందర్నీ ఆఫీసుకి తిరిగి వచ్చెయ్యమంది. ఆఫీసు ఉన్నది వేరే ఊళ్ళో. పెళ్ళయిన కొత్తలో నాలుగేళ్ళు మొగుడొక ఊళ్ళో, పెళ్ళామొక ఊళ్ళో ఉండి, ఆదివారం ఆదివారం కాపురం చేశారు. శనివారం రాత్రి బస్సు, ఆదివారం రాత్రి మళ్ళీ బస్సు. ఇప్పుడు భార్యకి ఈ ఊళ్ళో కళ్ళజోళ్ళ దుకాణంలో మంచి ఉద్యోగం ఉంది, ఇల్లు కుదురుకుంది. ఇంట్లో ఎవరూ అంతరాయం కలిగించని ఏర్పాటు ఉందని చూపించగలిగినవాళ్ళకి మాత్రం ఇంటి నుంచి పని చెయ్యనిస్తామని కంపెనీ ఒక మినహాయింపు పెట్టింది. చూసేది మేనేజరమ్మ స్వయంగా. అల్లుడు పట్టీ గురించి ముందే గొప్పగా రాసి పంపాడు. ఆవిడకి నచ్చితే ఇల్లు, నచ్చకపోతే సోమవారం నుంచి బస్సు.

దుకాణానికి బయల్దేరుతూ భార్య గుమ్మంలో ఆగింది.

"ఏమండీ, ఇవాళ మాత్రం ఆ పట్టీ జోలికి వెళ్ళకండి. నిన్న పనిచేసింది, ఇవాళా చేస్తుంది."

"రంగొక్కటే మారుస్తా. ఆ ఎరుపు మరీ కొట్టొచ్చినట్టుంది."

"కొట్టొచ్చినట్టుంటేనే కదా మా నాన్నకి కనిపించేది! నా మాట వినండి. అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు?"

"పది నిమిషాల పని" అన్నాడు అల్లుడు. ఈ మాట అన్నవాళ్ళలో ఇంతవరకు బాగుపడినవాడు లేడు.

గదిలో కూర్చుని ముందుగా బ్యాటరీ ముక్క తీసేశాడు. మేనేజరమ్మకి పట్టీ చూపించేటప్పుడు అది అప్పు అడుగుతున్న మొహంలా ఉంటుందని అతని బాధ. ఆ ఖాళీలో వాతావరణం ముక్క పెట్టాడు. తర్వాత హాల్లో ఎరుపు ఎలా ఉంటుందో చూడాలిగా? ఊరికే కెమెరా వెలిగించడమెందుకని, కెమెరాని చూసి రంగు మార్చే నాలుగు వరసలు పక్కన పెట్టి, తన చేత్తోనే ‘ఎరుపు’ అని రాసి ఫైలు భద్రం చేశాడు. వాతావరణం దగ్గర కామా ఒకటి మర్చిపోయాడు. పట్టీ మొత్తం మాయమైంది. ఇక్కడా మాయం, హాల్లోనూ మాయం.

హాల్లో పేపరు చదువుకుంటున్న మామగారు తలెత్తి చూస్తే గోడ మీది స్క్రీను నల్లగా ఉంది. ఆయన కంగారుపడలేదు. దీపం ఆరిపోయిన సిగ్నల్‌ని ఎర్రదీపంగానే లెక్కకట్టాలని ఆయన నేర్చుకున్న మొదటి పాఠం. లేచి, గడియ వేసి, మళ్ళీ పేపరు తీశారు.

లోపల కామా కోసం వేట సాగింది. చీపురు చేత్తో పట్టుకుని ఇల్లంతా చీపురు కోసం వెతికినట్టు, ఫైలు పైనుంచి కిందికీ కిందినుంచి పైకీ చూశాడు. చివరికి దొరికింది. పెట్టగానే పట్టీ తిరిగొచ్చింది. హాల్లో స్క్రీను ఎర్రగా వెలిగి ‘మీటింగ్’ అంది. ‘నేను ముందే అనుకున్నా’ అన్నట్టు మామగారు తలాడించారు.

ఎరుపు ఎలా ఉందో చూద్దామని అల్లుడు ఉత్సాహంగా లేచి తలుపు లాగాడు. రాలేదు. ఇంకోసారి లాగాడు.

"మామయ్యగారూ! తలుపు తీయండి!"

బయటినుంచి గుసగుసగా జవాబొచ్చింది. "మాట్లాడకండి బాబూ, మీటింగులో ఉన్నారు."

"ఎవరు?"

"మీరే."

"నేను మీటింగులో లేనండీ! నేనే కదా చెప్తున్నాను!"

"డ్రైవరు చెప్తే సిగ్నల్ మారదు బాబూ, సిగ్నల్ చెప్తే డ్రైవరు కదలాలి. అయినా ‘నేనే పిలిచినా రాకూడదు’ అన్నది మీరే కదా."

సరిగ్గా అప్పుడే లాప్‌టాప్ వెలుగు తగ్గింది. బ్యాటరీ అడుగంటినప్పుడు అది అలా మసకబారుతుంది. మామూలు రోజుల్లో పట్టీలో బ్యాటరీ ముక్క చాలా ముందే హెచ్చరించేది. ఇవాళ ఆ చోట ‘ఆకాశం నిర్మలం’ అని ఉంది. ఛార్జర్ ఎక్కడా అని చుట్టూ చూస్తే, రాత్రి తానే హాల్లో సోఫా దగ్గర పెట్టిన సంగతి గుర్తొచ్చింది.

"మామయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను! ఛార్జర్ ఇవ్వండి, చచ్చిపోతోంది!"

"పచ్చ రానివ్వండి, క్షణంలో ఇస్తాను."

సరే, పచ్చే కదా కావాల్సింది అనుకుని అల్లుడు గబగబా ఫైలు తెరిచి ‘ఎరుపు’ కొట్టేసి ‘పచ్చ’ అని రాశాడు. మాట మారేది ఆ ఫైల్లోనే గాని, రంగు ఉండేది రెండో ఫైల్లో అని తొందరలో మర్చిపోయాడు. హాల్లో స్క్రీను ‘రావచ్చు’ అంది. ఎర్రటి ఎరుపులో అంది.

మామగారు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికెళ్ళి చూశారు. ఆయన మొహం గంభీరమైపోయింది.

"బాబూ, ఇది అన్నిటికన్నా ప్రమాదం. మాటొకటీ రంగొకటీ. ఇలాంటప్పుడు ఎక్కడి బండి అక్కడే ఆపెయ్యాలి."

"రంగు మారుస్తున్నా, ఉండండి!"

మార్చాడు. పట్టీని మళ్ళీ నడిపించాడు. నడుస్తున్న పాత పట్టీని ఆపకుండా నడిపించాడు. దాంతో పట్టీలు రెండయ్యాయి. హాల్లో పైన ఎర్రపట్టీ, కింద పచ్చపట్టీ, ఒకదాని నెత్తిన ఒకటి. మామగారు కుర్చీ తెచ్చుకుని తలుపుకి అడ్డంగా వేసుకుని కూర్చున్నారు. ఒకే లైను మీద రెండు సిగ్నళ్ళు ఆయన సర్వీసులో చూడలేదు.

అల్లుడు భార్యకి ఫోన్ చేశాడు. ఆవిడ ఎవరికో కళ్ళజోడు కొలతలు తీస్తోంది.

"మీ నాన్న నన్ను గదిలో పెట్టి గడియేశారు!"

"ఎందుకూ?"

"పట్టీ ఎర్రగా ఉందని!"

"రంగొక్కటే అన్నారుగా" అంది భార్య. తిట్టడానికి అది సమయం కాదని తెలిసిన ఇల్లాలు కనుక ఫోన్ పెట్టేసి తండ్రికి చేసింది.

"నాన్నా, ఆయనకి తలుపు తియ్యి నాన్నా. ఇది మా బతుకుతెరువు సంగతి."

"నాకు తెలీదా అమ్మా? అందుకే గదా ఈగని కూడా వెళ్ళనివ్వకుండా కూర్చున్నాను. నువ్వు నిశ్చింతగా పని చూసుకో."

ఆవిడ యజమానితో ఒక మాట చెప్పి, దుకాణం కోటు విప్పడం కూడా మర్చిపోయి, ఆటో ఎక్కింది.

లోపల అల్లుడు ఇంకో ఎత్తు వేశాడు. సిగ్నల్ పాడైతే పచ్చజెండా చూపిస్తారని ఎప్పుడో మామగారే చెప్పారు. పచ్చచొక్కా ఒకటి తీసి తలుపు కిందినుంచి చెయ్యంతా దూర్చి ఊపాడు.

"మామయ్యగారూ, పచ్చజెండా!"

"జెండా చూపించేది స్టేషనువాళ్ళు బాబూ. బండిలో ఉన్నవాళ్ళు కాదు."

"దేవుడా! తలుపు తీయండి! నన్ను వదిలిపెట్టండి!"

ఈ కేక పై అంతస్తులో డ్రాయింగ్ టీచరమ్మకి వినిపించింది. ఆవిడ చెవిలో పడ్డ మాట ఊరికే ఉండదు. దిగి వచ్చి చూసేసరికి, తలుపు కింద పచ్చచొక్కా పట్టుకున్న చెయ్యి ఒకటి నేల మీద కొట్టుకుంటోంది. గడియేసిన తలుపు ముందు మామగారు కాలు మీద కాలేసుకుని పేపరు చదువుకుంటున్నారు. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అన్నయ్యగారూ, ఎంత తగువైనా సరే, అల్లుణ్ణి ఇలా బంధిస్తారా?"

"తగువేమిటమ్మా? మీటింగులో ఉన్నాడు."

"నేను మీటింగులో లేనండోయ్!" అంది తలుపు.

"లేడంటున్నాడు కదండీ!"

"లోపలున్నవాడికి ఏం తెలుస్తుందమ్మా? సిగ్నల్ ఉన్నది బయట."

టీచరమ్మకి ఇక అనుమానం లేదు. అపార్ట్‌మెంట్ సెక్రటరీకి కబురు పెట్టింది. సెక్రటరీ స్క్రూడ్రైవరుతో సహా దిగాడు. తలుపు బందులు ఊడదీస్తానన్నాడు. మామగారు లేచి రెండు చేతులూ చాచి తలుపుకి అడ్డం నిలబడ్డారు.

"నా సర్వీసులో ఒక్కడు కూడా ఎరుపు దాటి వెళ్ళలేదు. మీరు దాటతారా? దాటండి, నన్ను తొక్కి దాటండి."

ఒళ్ళు చూస్తే పిడికెడు, పట్టుదల చూస్తే కొండంత. సెక్రటరీ స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే ఆయాసపడుతూ కూతురు వచ్చింది. ఆవిడా బతిమాలింది, టీచరమ్మా బతిమాలింది, చివరికి అందరూ కలిసి బతిమాలారు. నలుగురి కళ్ళూ గోడ మీది స్క్రీను మీదే ఉన్నాయి.

లోపల అల్లుడు చెమటలు కక్కుతూ ఉన్న పట్టీలన్నిటినీ చంపేసి, ఒకే ఒక్కదాన్ని మళ్ళీ నడిపించాడు. అది పైకి వస్తూండగానే గంట మోగింది. పదకొండు. మేనేజరమ్మ పిలుపు. ఎత్తకపోతే పుట్టి మునిగినట్టే. చొక్కా సర్దుకుని, జుట్టు వెనక్కి తోసుకుని, కెమెరా వెలిగించాడు. కెమెరా వెలిగింది కాబట్టి హాల్లో దానంతటదే ఎర్రబడుతుందని అతని ధీమా. చేత్తో రాసిన ‘పచ్చ’ ఫైల్లో అలాగే ఉందన్న సంగతి ఆ గాభరాలో పూర్తిగా మర్చిపోయాడు.

మేనేజరమ్మ తన ఆఫీసు గదిలో కూర్చుని ఉంది. నమస్కారాలయ్యేలోపే ఎవరో తలుపు తోసుకొచ్చి ఆవిడ బల్ల మీది స్టేప్లర్ పట్టుకుపోయారు. ఆవిడ నిట్టూర్చింది.

"చెప్పండి. మీ ఇంట్లో అంతరాయం ఉండదని రాశారు."

"ఉండదండీ. ఆ పట్టీ ఎర్రగా ఉన్నంతసేపు ఈ గదిలోకి చీమ కూడా..."

హాల్లో స్క్రీను మీద ఒకే పట్టీ. పచ్చటి పచ్చ. ‘రావచ్చు.’ మామగారు అది స్థిరంగా ఉందో లేదోనని కాసేపు కన్నార్పకుండా చూశారు. మాట పచ్చ, రంగు పచ్చ. సంతృప్తిగా గడియ తీసి, చెయ్యి గాల్లోకి ఊపి, "లైన్ క్లియర్!" అన్నారు. అంతసేపూ ఆగిన జనం ఒక్క ఉదుటున లోపలికి పడ్డారు. ముందు టీచరమ్మ, "నాయనా, ప్రాణాలతో ఉన్నావా!" అంటూ అల్లుడి గడ్డం పట్టుకుంది. సెక్రటరీ స్క్రూడ్రైవరు మళ్ళీ బయటికి తీశాడు. తెల్లకోటుతో భార్య నేల మీద పాక్కుంటూ వెళ్ళి ఛార్జర్ గుచ్చింది. అందరి వెనక మామగారు తాపీగా వచ్చి, కళ్ళజోడు పైకి తోసుకుని, స్క్రీనులోని మేనేజరమ్మకి నమస్కారం పెట్టారు.

అల్లుడికి ఏడుపొక్కటే తక్కువ. అతని కళ్ళ ముందు ఆదివారం రాత్రి బస్సు వచ్చి ఆగింది.

"ఇదేనా చీమ కూడా రాదన్నది?" అంది మేనేజరమ్మ.

మామగారు ముందుకొచ్చారు. "అమ్మా, పచ్చ పడింది కాబట్టి వచ్చాం. ఎరుపు మీద రాలేదు."

"ఎరుపు మీద రాలేదా! ఈయన రానిస్తేగా!" టీచరమ్మ అందుకుంది. "ఇందాకట్నుంచి కాళ్ళావేళ్ళా పడుతున్నామండీ. సొంత కూతురు ఏడ్చినా తియ్యలేదు. లోపల్నుంచి ఈ అబ్బాయి చొక్కా ఊపి మొత్తుకున్నా తియ్యలేదు."

"నేను బందులు ఊడదీస్తానంటే అడ్డంగా నిలబడ్డారండీ, తొక్కి వెళ్ళమన్నారు" అన్నాడు సెక్రటరీ, ఆ మాట తలుచుకుని ఇంకా తేరుకోకుండా.

మేనేజరమ్మ ముందుకి వంగింది. "ఆగండి. ఈయన్ని కూడా బయటికి రానివ్వలేదా?"

"ఎరుపు మీద బయటికి మాత్రం ఎలా వస్తాడమ్మా?" అన్నారు మామగారు, ఇంత చదువుకున్న మనిషికి ఇది కూడా చెప్పాలా అన్నట్టు.

అదే సమయానికి ఆవిడ గది తలుపు మళ్ళీ తెరుచుకుంది. ఎవరో తల లోపలికి పెట్టి, ఎవరి పుట్టినరోజుకో సంతకం పెట్టమన్నారు. ఇంకొకరు ఆ వెనకే వచ్చి స్టేప్లర్‌లో పిన్నులు లేవని ఫిర్యాదు చేశారు. ఆవిడ ఇద్దర్నీ పంపేసి, తన తలుపు వైపొకసారి, స్క్రీనులో మామగారి వైపొకసారి చూసింది.

"మీ అర్జీ ఒప్పుకుంటున్నాను" అంది. "ఇంటి నుంచే చెయ్యండి."

అల్లుడు తన చెవుల్ని తానే నమ్మలేకపోయాడు. భార్య ఛార్జర్ పక్కన నేల మీదే కూలబడి కళ్ళు తుడుచుకుంది. "థాంక్సండీ! ఆ పట్టీని ఇంకా బాగా..." అని అల్లుడు మొదలుపెట్టబోయాడు.

"ఆ పట్టీని మీరు ముట్టుకోకూడదు. అది మొదటి షరతు. దాని రంగు ఇక మా ఆఫీసు నుంచే మారుతుంది. పొద్దున తొమ్మిదికి ఎరుపు, మధ్యాహ్నం కాసేపు పచ్చ, మళ్ళీ ఎరుపు, సాయంత్రం ఆరింటికి పచ్చ. గడియ అలాగే ఉండాలి. మీ మామగారు అలాగే ఉండాలి." ఆవిడ మామగారి వైపు తిరిగింది. "మీకు అభ్యంతరం లేదు కదండీ?"

"డ్యూటీకి అభ్యంతరమేమిటమ్మా?" అన్నారు మామగారు. రిటైరైన ఇన్నాళ్ళకి ఆయన నడుం కాస్త నిటారైంది.

ఆ మధ్యాహ్నం కాసేపటి పచ్చలో అల్లుడు భోజనం చేస్తూ, ఇదేం అన్యాయమని భార్య దగ్గర వాపోయాడు. "వేరే ఊళ్ళో ఉండడం కంటే పక్క గదిలో ఉండడం నయం కదండీ" అందావిడ, ఇంకాస్త కూర వడ్డిస్తూ. అందులో నిజం ఉంది గనుక అతను ఇంకో ముద్ద కలుపుకున్నాడు. ఎరుపు పడేలోపు చెయ్యి కడుక్కోవాలని మామగారు గుమ్మంలోంచి గుర్తుచేశారు.

ఇప్పుడు అల్లుడు ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. ఇంటికి మాత్రం సాయంత్రం ఆరింటికి వస్తాడు.